ప్రాసకొరకు వెదకు మాట

మన బాలురు పద్యము వ్రాయ నారంభించిన దినముననే మమ్ము నడుగు ప్రశ్న యొకటి కలదు. "సార్, దీనికి ప్రాస కలిసే మాట ఇంకొకటి చెప్పండి." మూడు పాదములు నడచినవి, నాలవది నడవలేదు. ఆ నాలవ పాదమున నేమి చెప్పదలచితివని మే మెదురు ప్రశ్న వేసినచో బాలుడు తెల్లబోవును. చెప్పవలసినది తరువాతి సంగతి. ముందు ప్రాస కావలెను. ఇరువదేండ్లుగా ధర్మవరమునను, పెనుకొండయందును, ఇప్పుడు హిందూపురమునను ఉపాధ్యాయవృత్తిలో నుండి మే మిట్టి మాటలు పెక్కు దానము చేసితిమి. అందొకటి దానము పేర జరిగిన యపహారమని పిదప తెలిసికొంటిమి. ఆ సంగతి చెప్పుటకే యీ వ్యాసమును మొదలిడితిమి. కాని ముందుగా ప్రాస మన పద్యమున నే తావున గూర్చుండునో, అచటనే యేల కూర్చుండునో కొంచెము విచారింపవలసియున్నది.

ప్రాసనియమము చదువరులకు క్రొత్తది కాదు. వృత్తములందును కందమునందును ప్రతిపాదమున రెండవ యక్షరము ఒకే హల్లుగా నుండవలెను. అచ్చు మారవచ్చును, హల్లు మారరాదు. మొదటి పాదమున మొదటి యక్షరము లఘువైనచో తక్కిన పాదములందును లఘువే, గురువైనచో గురువే. ప్రాసాక్షరమునకు ముందు నిండుసున్న యున్నచో అన్ని పాదములందును నిండుసున్న యుండవలెను. అది జంటయక్షరమైనచో ఆ జంటయే రావలెను. కావున 'చింత'కు 'సంత' కుదురును, 'గొంతు' కుదురును, 'సీత' కుదురదు. 'చెరువు'నకు 'కరువు' కుదురును, 'చేరువ' కుదురదు. ఆరవతరగతి పిల్లలైనను ఈ లెక్కను రెండు మూడు దినములలో పట్టుకొందురు. లాక్షణికులు మాత్రము దీనిని ఇంత సులభముగా విడువలేదు. కాకునూరి అప్పకవి 1656 నాటి తన గ్రంథమున యతిప్రాసల భేదములను ఎంత విరివిగా చర్చించెనో చూచినవారు, పూర్వకవు లీ నియమముతో నెంత పెనగులాడిరో ఊహింపగలరు. లళలకు చెల్లునా, సాధురేఫకును బండిఱకును చెల్లునా, సంధివలన వచ్చిన యక్షరము చెల్లునా యని యిన్ని తగవులు పుట్టినవనగా, నియమ మంత బిగువుగా నుండెనన్నమాట.

ఆంగ్లకవి ప్రాసను పాదాంతమున నుంచును. మనము పాదాదిని నుంచితిమి. సంస్కృతమున నది యెచటను నియమము కాదు, అనుప్రాస యొక యలంకారము మాత్రమే. కన్నడమున మన వలెనే రెండవ యక్షరమునకు ప్రాస; తమిళమున 'ఎదుగై' యనునదియు నదియే. ఈ సోదరభాషలన్నియు ఒకే తావును కోరుటకు కారణము భాషానిర్మాణముననే యున్నదని మా యభిప్రాయము. తెనుగుమాటలో ప్రకృతి ముందుండును, ప్రత్యయము వెనుక చేరును. వాక్యమున క్రియ చివర వచ్చును. వచ్చినాడు, తెచ్చినాడు, పోయినాడు, కోసినాడు: అన్నిటికిని తోక యొక్కటియే. పాదాంతమున ప్రాస కావలెనన్నచో క్రియాప్రత్యయము కూలి యడుగకుండ ఆ పని చేసిపోవును. పాదాదిని రెండవ యక్షరమన్ననో, అది చాలవరకు ధాతువుమీదనో నామప్రకృతిమీదనో పడును. అంత్యప్రాస ప్రత్యయములను జతపరచును; ఆదిప్రాస అర్థములను జతపరచును. మన పూర్వులు సులభమైన తావును విడిచి కష్టమైన తావును ఎంచుకొనుట వట్టి మొండితనము కాదని యిందువలన తెలియును.

అయిన నీ యేర్పాటున నపాయమును కలదు. ఆంగ్లమున ప్రాసకొరకు బలిమిని తెచ్చిన మాట పాదము తోకను వంకర చేయును. మనకో, అది తలనే వంకర చేయును. పాదమునకు మొదటి మాట కాడికి కట్టిన యెద్దు వంటిది. అది యెటు తిరిగిన బండి యటు తిరుగును. ప్రాసకని యొక తగని మాటను పాదము మొదట నుంచిన బాలుడు, దానిని సమర్థించుటకు తక్కిన పాదమంతయు వెచ్చించును. పద్యములు దిద్దిన ఉపాధ్యాయులందరు నెఱిగిన సంగతి యిది. ఎచట భావ మకస్మాత్తుగా హిమాలయమునకో పాలసముద్రమునకో ఎగిరిపోయెనో అచట ప్రాస దొరకలేదని గ్రహింపవలెను.

పాటల దారి వేరు. ధర్మవరమున 1853లో జన్మించి, బళ్లారిలో న్యాయవాదియై, సరసవినోదినీ సభను నడపి, ఆంధ్రనాటకపితామహుడని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు తెనుగు నాటకమున పద్యముతోపాటు పాటకును చోటిచ్చిన తొలివారిలో ముఖ్యులు. రంగస్థలపు పాటకు తరచుగా మట్టు ముందు పుట్టును, మాట వెనుక పుట్టును. జనులకు చెవికెక్కిన మట్టుమీద మాటలు కూర్చునప్పుడు, స్వరము సాగి నిలుచు పాదాంతమున ఒకే యక్షరము మరల వినబడినచో శ్రోత తల యూపును. తరువాత చలనచిత్రముల పాటయు నీ మార్గముననే నడచినది. అచట మట్టును బాణీ యనిరి. త్యాగరాజాదుల కీర్తనలలో పల్లవికిని అనుపల్లవికిని రెండవ యక్షరపు ప్రాసను నిలిపిరి. కావున పాటకు ఆదిప్రాస పనికిరాదనుట సరికాదు. కాని వాడుకలో పాటయనగా అంత్యప్రాస యను భావము బలపడినది. దాని ఫలము మా పాఠశాలల వార్షికోత్సవములలో చూడవచ్చును. స్వాగతగీతమున 'వందనము' వచ్చెనా, వెంటనే 'చందనము' వచ్చును. మరి రెండు పాదములు దాటకమునుపే 'నందనము' వచ్చి కూర్చుండును. వచ్చిన యతిథికి చందనము పూసినవారిని మేమింతవరకు చూడలేదు.

అట్లని పాదాంతమున నొకే మాట వచ్చుట యెల్లప్పుడును చౌక పని యని మేమనము. పెనుకొండలో పెరిగి, బాల్యముననే ఆ యూరి శిథిలవైభవమును గూర్చి 'పెనుగొండలక్ష్మి'ని వ్రాసి, తాను వ్రాసిన యా పుస్తకమునే తరువాత విద్వాన్ పరీక్షకు పాఠ్యముగా చదువవలసివచ్చిన పుట్టపర్తి నారాయణాచార్యుల (1914–1990) నీ ప్రాంతమువా రెవ్వరును మరువరు. ఆయన 'శివతాండవము'న 'ఆడ' యను క్రియ పాదాంతమున మరల మరల వచ్చును. ఇది ప్రత్యయముతో చేసిన సులభప్రాస కాదా యని మా మిత్రుడొకరు వాదించిరి. పుస్తకము మూసి ఆ భాగమును గొంతెత్తి చదివినచో ఈ సందేహము నిలువదు. కదలునట్టి వస్తువు ప్రతిపాదమునను మారుచుండును; చివర కాలు నేలను తాకు దెబ్బ మాత్రము మారదు. అచట 'ఆడ' ప్రాసపదముగా రాలేదు, జతిగా వచ్చినది. అంతేకాక పాదముల మొదటను నడుమను రెండవ యక్షరపు ప్రాసలు పడి, తోకను తలకు గట్టిగా ముడివేసినవి. స్వాగతగీతపు 'చందనము'నకును దీనికిని గల భేదము ఒక్కటియే: తీసివేసి చూడవలెను. 'చందనము' తీసివేసినచో నష్ట మేమియు లేదు. శివతాండవమున నా క్రియను తీసినచో నాట్యము నిలిచిపోవును.

ఇక ధర్మవరపు సంగతి. సుమారు పదేండ్ల క్రిందట మేమచట పనిచేయుచుండగా, పట్టుచీరలు నేయు ఇంటి బాలుడొకడు తన యింటిని గూర్చి కందపద్యము వ్రాసి తెచ్చెను. ఆ యింటిది గుంతమగ్గము. నేతగాడు నేలలో త్రవ్విన గుంతలో కాళ్లుంచి కూర్చుండి నేయును. జడివాన పట్టినచో నేల చెమ్మగిల్లి గుంతలో నీరూరును. నీరూరినచో మగ్గము నిలుచును; మగ్గము నిలిచినచో ఆ దినపు కూలియు నిలుచును. బాలుని పద్యమున నాలుగు పాదములును నాలుగు మాటలతో మొదలయ్యెను: పడుగు, జడివాన, గుడిసె, మడుగు. డకారప్రాస, నాలుగింటను మొదటి యక్షరము లఘువు. ఆ నాలుగు మాటలను వరుసగా చదివిన చాలును, కథ తెలిసిపోవును. పడుగు సాగదీసినారు, జడివాన పట్టినది, గుడిసె కారినది, మగ్గపుగుంత మడుగైనది.

మా కంటికి కథ కనబడలేదు, యతిభంగము కనబడెను. కందమున నాలవపాదమునందు మొదటి యక్షరమునకును నాలవ గణము మొదటి యక్షరమునకును యతి కుదురవలెను. బాలుడు మొదట 'మడుగు' అనియు, యతిస్థానమున 'పనియును' అనియు వ్రాసెను. మకారమునకును పకారమునకును అట్లు చెల్లదు. పకారమునకు బకారము చెల్లును. మేము వెంటనే కలము తీసి 'మడుగు'ను కొట్టివేసి 'బడబానలము' అని వ్రాసితిమి. డకారప్రాస నిలిచెను, యతి కుదిరెను, బీదరికమునకు సముద్రాగ్నితో పోలిక యేర్పడెను, సంస్కృతసమాసము చేరినందున పాదమునకు బరువు వచ్చెను. మేమెంతయో సంతోషించితిమి. బాలుడు కాగితమును కొంతసేపు చూచి, "సార్, గుంతలోకి వచ్చింది నీళ్లు గదా, నిప్పు గాదు గదా" అనెను. కావ్యములం దిట్లే చెప్పుదురని మేము బదులు పలికితిమి. పద్యము బడిపత్రికలో నతని పేరిట నచ్చయ్యెను. ఆ పిమ్మట అతడు మాకు మరియొక పద్యము చూపలేదు. పదవతరగతి ముగించి వెళ్లిపోయెను.

ఈ తప్పునకు కారణము మా పాండిత్యలోపము కాదు, పాండిత్యమే. అమరకోశమును వల్లించిన నాటినుండియు 'బడబ' మా నాలుకపై నున్నది. ధర్మవరపు వీథులలో ప్రతిదినమును నడచుచుండియు 'మడుగు' మా నాలుకపై లేదు. ఏ మాట ఎచటనుండి మనకు ముందుగా అందివచ్చునో దానినిబట్టియే మన ప్రాసలు కుదురును. కావున ప్రాసపదములు దొరకుట యను ప్రశ్న వట్టి ఛందస్సునకు సంబంధించినది కాదు; మనమే యింటి మాటలను దాచిపెట్టుకొంటిమో యను ప్రశ్న.

నిఘంటువులు చూడుమందురా? మా బడి బీరువాలో నున్నవన్నియు మొదటి యక్షరపు వరుసవే. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము (1885) అకారాదిగా నడచును. అకారాది వరుస యతికి కొంత తోడ్పడును గాని ప్రాసకు తోడ్పడదు. ప్రాసకు కావలసినది రెండవ యక్షరపు వరుస. అమరకోశపు నానార్థవర్గమున మాటలు కాంతములు, ఖాంతములని చివరి హల్లును బట్టి కూర్పబడినవి. మాటను తోకనుండి వెదకు పద్ధతి మన దేశమున నంత పాతది. తమిళులు మరియొక యడుగు ముందుకు వేసిరి. మండలపురుషుని చూడామణి నిఘంటువున పదునొకండవ భాగము ఎదుగై వరుసననే నడచును. క్రైస్తవమతబోధకుడై వచ్చి వీరమాముని యని పేరొందిన బెస్కి 1732లో కూర్చిన చతురకరాదిలో 'తొడై' యను భాగము కేవలము ప్రాసలకొరకే యేర్పడినది. ఆంగ్లమున వాకరు 1775లో ప్రకటించిన నిఘంటువు మాటలను చివరి యక్షరము మొదలుగా వెనుకకు పేర్చినది. ఆ పుస్తకము ముద్రణమీద ముద్రణముగా చాలకాలము కవుల బల్లలమీద నుండెను. ఇట్టి పుస్తకములను వాడుట కవికి సిగ్గుచేటని కొందరనుకొందురు. మాకట్లు తోచదు. వడ్రంగికి ఉలి యున్నట్లు కవికి పదపట్టిక యుండవచ్చును. కాని పట్టికలో మాట ప్రక్కన మాట యుండునే గాని, ఆ మాట యే యింట కాపురముండునో వ్రాసియుండదు. 'బడబ'యు 'మడుగు'ను ఒక్క పుటలో నొక్క వరుసన నుండును.

అవధానసభల వలన నీ వెదకులాట మరికొంత పెరిగినది. సమస్యాపూరణమున పృచ్ఛకుడు ఠకారమునో ఝకారమునో ప్రాసగా నుంచి యొక పాదము విసరును. అవధాని మిగిలిన మూడు పాదములను అదే యక్షరముతో నప్పటికప్పుడు కట్టవలెను. ఠకారముతో మొదట లఘువు గల మాటలు చేతివ్రేళ్లకు మించవు. 'కఠిన' మున్నది, 'హఠము' ఉన్నది, 'పఠన' మున్నది. పిదప ఆకసము చూడవలెను. సభలో నది విద్యావినోదము; మేమును కూర్చుండి చప్పట్లు కొట్టినవారమే. అయితే గారడివాడు నిప్పు మ్రింగుట చూచి వచ్చి యింట పిల్లలకు నిప్పు పెట్టు తల్లి యుండదు. మా యుపాధ్యాయు లనేకులు పద్యవిద్య నా దుష్కరప్రాసలతోనే మొదలిడుదురు. దానివలన బాలునకు పద్యమనగా కందకములు దాటుట యను భావము కలుగును.

అట్లయిన ప్రాసను తీసివేయరాదా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మిల్టను తన మహాకావ్యమునకు 1668లో చేర్చిన చిన్న పీఠికలో అంత్యప్రాసను బంధనమని నిందించెను. హిందూపురమునుండి నాలుగడుగులు వేసినచో కన్నడసీమ. అచట మంజేశ్వరపు గోవింద పై 1911లో రెండవ యక్షరపు ప్రాసను విడిచి కవిత చెప్ప నారంభించెను. అంతకు ముందటి సంవత్సరమే, 1910లో, గురజాడ ముత్యాలసరములు వెలువడినవి. వానిలోను ప్రాస నిర్బంధము లేదు. వీరు విడిచినది సోమరితనమువలన కాదు. ప్రాస నిలుపుటకు మాటల నమ్ముకొనలేక విడిచిరి. కాని మా ప్రాంతమువారికి ఇంత దూరము పోవలసిన పనియు లేదు. కదిరి ప్రాంతమున కటారుపల్లెలో వేమన సమాధి యని చూపుదురు. బ్రౌను దొర 1829లో అచ్చు వేయించుటకు ముందునుండియు ఆయన పద్యములు జనుల నోట నిలిచియున్నవి. అవి ఆటవెలదులు. ఆటవెలదికి ప్రాసనియమము లేదు; యతికి బదులు ప్రాసయతి వేసికొనుటకు స్వేచ్ఛ కలదు. చదువురాని రైతు నోట నిలిచిన పద్యములలో పెద్దభాగము ప్రాసబంధములేని పద్యములే యగుట మన ఛందస్సు నేర్పువారు గమనింపదగినది.

అయినను సుమతిశతకపు కందములును అదే రైతు నోట నున్నవి. అవి నాలుగు పాదములను ప్రాసతో కట్టినవి. కావున ప్రాస యున్నందున పద్యము చెడలేదు, లేనందున బాగుపడలేదు. పిల్లలకు నేర్పు వరుస మాత్రము మార్చవలెనని మాకు తోచినది. మొదట ఆటవెలది, అందు భావము నడవవలెను. పిదప ద్విపద, అందు ప్రాస రెండు పాదములకు మాత్రమే కుదిరిన చాలును, అదియు తప్పినచో మంజరీద్విపద యని పేరు పెట్టి ఓదార్చవచ్చును. నాలుగు పాదముల ముడి గల కందము తరువాత. వృత్తములకు తొందర లేదు.

పెనుకొండకు మారిన పిదప మే మొక పని మొదలిడితిమి. నోటుపుస్తకమున నొక్కొక్క హల్లునకు నాలుగేసి పుటలు విడిచి, ప్రాసపదములు పిల్లలచేతనే తెప్పించితిమి. షరతు ఒకటి: పుస్తకము చూడరాదు, ఇంటనో, పొలమునో, అంగడిలోనో చెవితో విన్న మాటయే తేవలెను. మొదటి వారము రకారమునకు 'చెరువు' ఇచ్చితిమి. వచ్చిన మాటలివి: కరువు, బరువు, ఎరువు, అరువు, పరువు, తెరువు, దరువు. వీనిని నల్లబల్లమీద వ్రాసి, ఎవరికి తోచిన వరుసన వారు పేర్చుడని చెప్పితిమి. ఒక బాలిక లేచి యిట్లు పేర్చెను: చెరువు, కరువు, అరువు, బరువు, పరువు, తెరువు. చెరువెండినచో కరువు, కరువునకు అరువు, అరువు తీరక బరువు, బరువువలన పరువునకు ముప్పు, తెరువనగా బెంగళూరు రైలని ఆమెయే చెప్పెను. ఈ సీమ చరిత్రమును మేమింతకు మించి సంగ్రహముగా నెచటను చదువలేదు. 'ఎరువు'నకు మేము పొలమున వేయునది యనుకొంటిమి; బదులు తెచ్చికొను నగకును ఎరువే యని మరియొకతె దిద్దెను. 'దరువు' మాత్ర మే వరుసలోను చేరక మిగిలెను. "మా అన్న పలక వాయిస్తాడు సార్, అది నాకు ఇయ్యండి" అని యొక బాలుడు దానిని తన భాగముగా పుచ్చుకొనెను.

ఇచట నొక పండితమిత్రుడు అడ్డుతగిలిరి. చెఱువు, కఱవు అనువానిలో నున్నది బండిఱ, బరువులో నున్నది సాధురేఫ. ఈ రెంటికి ప్రాస చెల్లదని వారి వాదము. శబ్దరత్నాకరము తెరచి చూచినచో వారి మాట నిజమే. కాని మా తరగతిలో నలువదిమంది నోట నా రెండు రేఫలకును భేదము వినబడలేదు. నిజము చెప్పవలెనన్న మా మిత్రుని నోటను వినబడలేదు. ప్రాసకు న్యాయాధిపతి చెవి. చెవికి తెలియని భేదమును కన్ను పట్టుకొని శిక్ష వేయుట న్యాయము కాదని మేము పుస్తకమున వానిని ఒకే పుటలో నుంచితిమి.

హిందూపురమునకు వచ్చిన పిదప పుస్తకము మరికొంత నిండినది. ఇచట చింతపండు బేరము విరివిగా జరుగును. 'చింత'కు పిల్లలు తెచ్చిన మాటలు: సంత, వంతు, పంతము, బొంత, గొంతు, కంత. బేరగాని గొంతునుండి కూలివాని బొంతవరకు సంతలోని సగము పని యిందులో వచ్చును. 'గొర్రు'నకు గొర్రె, వెర్రి, ఎర్రనేల వచ్చినవి. గొర్రు విత్తనము వేయు సాధనమని పట్నపు పిల్లలు కొందరెఱుగరు. పల్లె పిల్లలు లేచి చేతులతో చూపిరి. ఒక కన్నడపు బాలుడు తన యింటి మాటలను తెచ్చి, వీనికి చోటున్నదాయని యడిగెను. వానికి వేరుగా రెండు పుటలు కేటాయించితిమి.

ఈ కాలమున పద్యమును యంత్రమున కిచ్చినచో గణములు, యతి, ప్రాస సరిపడినవో లేదో క్షణమున చూపు సాధనములు వచ్చినవి. మా విద్యార్థులు వానిని వాడుదురు, మేమును వాడుదుము. గణములు లెక్కించు శ్రమ తప్పినది. అయినను ధర్మవరపు బాలుని పద్యమునకును మేము దిద్దిన పద్యమునకును దానిముందు తగవు పెట్టినచో, అది బాలునిదానికి తప్పు చూపి మాదానిని మెచ్చును. ఆ దినము మేము చేసిన పనియు సరిగా నదియే.

క్రిందటి సంవత్సరము డకారపు పుటలో ఆ బాలుని నాలుగు మాటలను జ్ఞాపకమునుండి వ్రాసికొంటిమి: పడుగు, జడివాన, గుడిసె, మడుగు. నాలవపాదము క్రింద యతిభంగమని గుర్తు పెట్టి, 'పనియును' అను మాటను ప్రక్కన వ్రాసి, మేము వేసిన 'బడబానలము'ను కూడ వ్రాసితిమి. పుస్తకమును తిరగవేయుచున్న తొమ్మిదవతరగతి బాలిక యొకతె అచట నిలిచి, ఇదేమని యడిగెను. జరిగినదంతయు చెప్పితిమి. ఆమె కొంచెమాలోచించి, "పనియును అనే చోట మగ్గము అంటే సరిపోయేది గదా సార్" అనెను.

మకారమునకు మకారము యతి. నాలుగు లఘువుల గణమునకు బదులు ఒక గురువును రెండు లఘువులును గల గణము. మాత్రలు నాలుగే, కందమున నా తావున దానికి అడ్డు లేదు. ప్రాస చెడలేదు, 'మడుగు' కదలలేదు. ఆ మాట యా దినమున బాలుని యింటిలోనే, ఆ నీళ్లలోనే యుండెను. మేము 'బడబానలము'ను కొట్టివేసి, దాని ప్రక్కన 'మగ్గము' అని ఎఱ్ఱసిరాతో వ్రాసికొంటిమి.